తూకం నుంచి గ్రహాల దాకా: గురుత్వాకర్షణని ఇంట్లో, బీచ్‌లో పిల్లలకి ఎలా నేర్పాలి

మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. గురుత్వాకర్షణ పాఠం అయింది, పరీక్ష అయింది, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఒక ఆదివారం విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజార్లో ఉల్లిపాయలు తూయిస్తూ అడిగాను, "ఒరేయ్ నాన్నా, ఈ కేజీ ఉల్లిపాయలు చంద్రుడి మీదకి పట్టుకెళ్తే ఎంత తూగుతాయి?" అని. "ఆరో వంతు మావయ్యా" అన్నాడు టక్కున. "ఏ కాటాలో? ఈ ఎలక్ట్రానిక్ కాటాలోనా, అమ్మమ్మ ఇంట్లో రాళ్లు వేసి తూచే తక్కెడలోనా?" అంటే ఆగిపోయాడు. ఎందులో తూచినా ఒకటే కదా అన్నట్టు నా మొహంలోకి చూశాడు.

ఒకటే కాదు. ఆ తేడా చేత్తో చేసి చూసిన పిల్లలకి ద్రవ్యరాశి, భారం అనే రెండు మాటలు ఇక ఎప్పుడూ కలిసిపోవు. ఆ తర్వాత రెండు నెలల పాటు శని, ఆదివారాలు వాడితో చేసినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో ఎనిమిది నుంచి పది దాకా చదివే పిల్లలుంటే ఇదే వరుసలో చేయండి: ముందు తూకం, తర్వాత పడటం, ఆ తర్వాత ఆకాశం. పుస్తకంలో ఇవి వేరువేరు పాఠాలుగా ఉంటాయి గానీ చివర్లో ఒక చిన్న లెక్కలో మూడూ కలుస్తాయి. ఇంత శ్రమ ఆ లెక్క కోసమే.

కావలసిన సామాను తక్కువే. కొక్కేనికి వేలాడదీసే స్ప్రింగ్ కాటా ఒకటి (పూర్ణా మార్కెట్‌లో దొరుకుతుంది), బట్టలు తగిలించే హ్యాంగరు, రెండు ప్లాస్టిక్ పళ్లేలు, గట్టి దారం, పెద్ద ఇనప నట్టు, టేపు, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను, ఒక టార్చి లైటు, తెల్లటి టేబుల్ టెన్నిస్ బంతి.

ముందు తూకం

మన మాటలోనే ఒక చిక్కు ఉంది. "నీ బరువెంత?" అంటే "యాభై కేజీలు" అంటాం. కేజీ ద్రవ్యరాశికి కొలత, అంటే ఒంట్లో ఎంత పదార్థం ఉంది అనేదానికి. ఆ పదార్థాన్ని భూమి ఎంత బలంగా లాగుతోంది అనేది బరువు, పుస్తకంలో భారం అని రాస్తారు, దాన్ని న్యూటన్లలో కొలుస్తారు. ఇంట్లో అలా మాట్లాడొద్దని పిల్లాడికి చెప్పకండి, ఊరంతా అలాగే అంటుంది. రెండు పరికరాలు వాడి చేతికివ్వండి చాలు.

హ్యాంగరుకి రెండు వైపులా పళ్లేలు దారంతో కట్టి మధ్యలో వేలాడదీస్తే తక్కెడ తయారు. ఒక పళ్లెంలో కేజీ ఉప్పు ప్యాకెట్టు, రెండో దాంట్లో కేజీ పంచదార. సమంగా నిలుస్తుంది. అదే ఉప్పు ప్యాకెట్టుని స్ప్రింగ్ కాటాకి తగిలిస్తే స్ప్రింగు సాగి కేజీ గీత దగ్గర ఆగుతుంది. ఇప్పుడు అడగండి: చంద్రుడి మీద లాగే బలం ఆరో వంతే కదా, అక్కడ ఏమవుతుంది? తక్కెడలో ఉప్పు మీద లాగుడు తగ్గింది, పంచదార మీద కూడా అంతే తగ్గింది, కాబట్టి కాడ కదలదు, అక్కడా కేజీయే. స్ప్రింగు మాత్రం సుమారు 165 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. తక్కెడ ద్రవ్యరాశుల్ని పోల్చి చూపిస్తోంది, స్ప్రింగు లాగుడుని కొలుస్తోంది. రైతు బజార్లో ఎలక్ట్రానిక్ కాటా కూడా లోపల లాగుడునే కొలిచి, దాన్ని కేజీల్లోకి మార్చి చూపిస్తుంది. కచ్చితమైన కాటాల్ని వాడే చోటే తెలిసిన రాయితో సరిచేసుకోవాలనేది అందుకే.

ఇంకొకటి తప్పకుండా చేయించండి, నాకు అన్నిటికంటే ఇష్టమైంది. రెండు లీటరు సీసాలు, ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా, పొడుగాటి దారాలతో పక్కపక్కనే వేలాడదీసి, వేలితో రెంటినీ పక్కకి నెట్టమనండి. ఖాళీది ఎగిరిపోతుంది, నిండుది మొరాయిస్తుంది. బరువంతా దారం మోస్తోంది కదా, మరి నీ వేలికి అడ్డుపడుతున్నదేమిటి? అదే ద్రవ్యరాశి. చంద్రుడి మీదకి తీసుకెళ్లినా, అంతరిక్షంలో వదిలేసినా ఆ మొరాయింపు అంతే ఉంటుంది. పుస్తకంలో జడత్వం అని ఒక వాక్యంలో దాటేస్తారు, పిల్లలకి అది వేలికి తగిలితే తప్ప అర్థం కాదు.

అపార్ట్‌మెంట్లో లిఫ్టు ఉంటే ముల్లు తిరిగే పాత రకం బరువు మిషను పట్టుకెళ్లి దాని మీద నిలబెట్టండి. డిజిటల్‌ది పనికిరాదు, ఒకసారి చూపించిన అంకె దగ్గరే ఆగిపోయేవి ఎక్కువ. లిఫ్టు పైకి బయల్దేరిన క్షణంలో ముల్లు రెండు మూడు కేజీలు ముందుకి పోయి మళ్లీ వెనక్కి వస్తుంది, కిందకి బయల్దేరినప్పుడు తగ్గుతుంది. పిల్లాడిలో ఒక్క గ్రాము మాంసం మారలేదు.

దాని వెంటే సీసా ఆట ఆడించండి. ప్లాస్టిక్ సీసా అడుగుకి కాస్త పైన మేకుతో బెజ్జం పెట్టి, నీళ్లు నింపి, మూత తీసి పట్టుకుంటే ధార కారుతుంది. స్టూలెక్కి సీసాని వదిలేయండి, పక్కనుంచి ఎవరైనా ఫోన్లో స్లో మోషన్ తీయాలి. పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది! సీసా, నీళ్లు ఒకే వేగంతో పడుతుంటే నీళ్లు దేన్నీ నొక్కవు. అంతరిక్ష కేంద్రంలో మనుషులు తేలేది కూడా ఇందుకే, కేంద్రం, అందులో మనుషులు కలిసే పడుతుంటారు. అది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ భూమి లాగుడు ఇక్కడున్న దాంట్లో తొంభై శాతానికి దగ్గరగా ఉంటుంది. అక్కడ గురుత్వాకర్షణ లేదు అని పిల్లలు రాస్తారు, పెద్దలూ అంటారు, దయచేసి ఆ మాట ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి.

తర్వాత పడటం

పడటం గురించి ఎక్కువ సేపు అక్కర్లేదు. లావుపాటి పుస్తకం, దానికంటే చిన్న కాగితం ముక్క. విడివిడిగా వదిలితే కాగితం ఊగుతూ వస్తుంది, కాగితాన్ని పుస్తకం మీద పెట్టి వదిలితే రెండూ కలిసే పడతాయి, ఎందుకంటే గాలిని పుస్తకం పక్కకి నెట్టేసింది. 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనీ ఒకేసారి వదిలిన వీడియో చూపించండి. బరువైనదాన్ని ఎక్కువగా లాగుతుంది నిజమే, కానీ దాని మొరాయింపు కూడా అంతే ఎక్కువ. పైన సీసాలతో చేసింది ఇక్కడ పనికొస్తుంది.

అసలు సమయం పెట్టాల్సింది లోలకానికి. సీలింగు కొక్కేనికో గుమ్మానికో దారం కట్టి, చివర నట్టు వేలాడదీయండి. కట్టిన చోటు నుంచి నట్టు మధ్య దాకా సరిగ్గా ఒక మీటరు ఉండాలి. ఫ్యాను ఆపాలి, మన ఊరి సముద్రపు గాలికి కిటికీలు కూడా మూయాలి. నాలుగు వేళ్ల వెడల్పు మించకుండా పక్కకి లాగి వదలండి, ఎక్కువ ఊపితే లెక్క తేడా వస్తుంది. వెళ్లి వెనక్కి వస్తే ఒక ఊపు. ఇరవై ఊపులకి పట్టిన కాలాన్ని ఇరవైతో భాగించి, ఆ అంకెని దానితోనే హెచ్చవేసి, 39.48ని (π వర్గానికి నాలుగు రెట్లు, మీటరు లోలకం సూత్రంలోది) దాంతో భాగించమనండి. వచ్చేదే గురుత్వ త్వరణం, అంటే పడే వస్తువు వేగం ప్రతి సెకనుకీ సెకనుకి ఎన్ని మీటర్ల చొప్పున పెరుగుతుందో చెప్పే అంకె. ఇరవై ఊపులకి 40.2 సెకన్లు వస్తే ఒక్క ఊపు 2.01, వర్గం 4.04, జవాబు 9.77. విశాఖ దగ్గర అసలు విలువ 9.78 నుంచి 9.79 మధ్యలో ఉంటుంది. ఒక నట్టు, ఒక దారంతో ఇంత దగ్గరికి రావడం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే విషయం.

మా వాడికి మొదటిసారి 10.8 వచ్చింది. మీ పిల్లలకి కూడా అలాగే వస్తే కంగారు పడకండి, తప్పెక్కడో నాకు తెలుసు: నట్టుని వదలగానే "ఒకటి" అని ఉంటారు. వదిలినప్పుడు "సున్నా" అనాలి. లేకపోతే పందొమ్మిది ఊపులకి పట్టిన కాలాన్ని ఇరవైతో భాగిస్తారు. తప్పు మీరు చెప్పేయకుండా వాళ్లనే వెతకనివ్వండి, మా వాడు గంటన్నర వెతికి పట్టుకున్నాడు, ఆ గంటన్నరలో నేర్చుకున్నది నేను చెప్పగలిగినదానికంటే ఎక్కువ.

ఈ అంకె ఊరిని బట్టి మారుతుంది. భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పారిస్ లోలకం గడియారాన్ని భూమధ్యరేఖకి దగ్గరున్న కయెన్‌కి తీసుకెళ్తే అది రోజుకి రెండున్నర నిమిషాలు వెనకబడింది. గడియారం చెడిపోలేదు, అక్కడ లాగుడు తగ్గింది. అరకు వెళ్తే బరువు తగ్గుతామా అని మా వాడు అడిగాడు, తగ్గుతాం, అరవై కేజీల మనిషికి ఇరవై గ్రాముల లోపే.

ఇప్పుడు ఆకాశం

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. "పూర్వం వాళ్లు భూమి మధ్యలో ఉందని అనుకునేవారు, అది తప్పు, కోపర్నికస్ సరిచేశాడు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తాం. పిల్లాడు తలూపుతాడు, పాతవాళ్లు తెలివితక్కువ వాళ్లని అనుకుంటాడు, అక్కడితో పాఠం చచ్చిపోతుంది. నా పద్ధతి వేరు. ఒక వారం పాటు భూమి కదలదనే అనుకుందాం అని చెప్పి, వాడి కళ్లతోనే దానికి సాక్ష్యాలు పోగు చేయించండి. తెల్లవారుజామున ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లండి. సూర్యుడు నీళ్లలోంచి పైకొస్తాడు, మన కాళ్ల కింద ఇసుక కదలడం లేదు. డిసెంబరులో డాల్ఫిన్స్ నోస్ వైపుకి జరిగి ఉదయిస్తాడు, జూన్‌లో కైలాసగిరి వైపుకి. పైకి విసిరిన గులకరాయి మళ్లీ చేతిలోనే పడుతుంది. భూమి తిరుగుతోందంటే ఎందుకు నమ్మాలి?

తర్వాత ఇంట్లో పంచాంగం తీయండి. సైన్సు పాఠానికి పంచాంగం ఏమిటని అనుకోవద్దు, భూమి మీద నిలబడి చూసేవాడి లెక్క దాంట్లో ఉన్నంత చక్కగా ఇంకెక్కడా దొరకదు. నవగ్రహాల్లో సూర్యుడు, చంద్రుడు ఉన్నారు, భూమి లేదు, ఎందుకంటే కదిలేవాటి జాబితా అది, నిలబడి చూసే చోటు అందులో రాదు. శుక్ర మూఢం వచ్చింది, ముహూర్తాలు లేవు అంటారు కదా, శుక్రుడు సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చి వెలుగులో కనపడకుండా పోయే రోజులవి. శుక్రుడు సాయంత్రం పడమట కనిపిస్తాడు, లేదా తెల్లవారుజామున వేగుచుక్కగా సముద్రం మీద లేస్తాడు, అంతేగానీ అర్ధరాత్రి నడినెత్తి మీద ఎప్పుడూ ఉండడు. సూర్యుడి నుంచి 47 డిగ్రీలు మించి దూరం వెళ్లడు, బుధుడు 28 మించడు. ఇక కుజుడు వక్రించాడు అనేది ఇంకా వింత: నక్షత్రాల మధ్య తూర్పుకి నడుస్తున్నవాడు ఆగి, రెండు నెలలకి పైగా వెనక్కి నడిచి, మళ్లీ ముందుకి తిరుగుతాడు. సుమారు 26 నెలలకోసారి ఇలా జరుగుతుంది.

భూమి మధ్యలో ఉంటే వక్రగతిని ఎలా వివరిస్తావు అని పిల్లాడినే అడగండి. మీరు చెప్పొద్దు. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలమీ అనే ఖగోళవేత్త ఇచ్చిన జవాబుని రాత్రి డాబా మీద ఆడి చూపించండి. ఒకరు మధ్యలో కూర్చోవాలి, వాళ్లే భూమి. ఇంకొకరు పెద్ద గుండ్రంగా నడుస్తూ, టార్చిని దారానికి గట్టిగా కట్టి, నడుస్తున్న దిశలోనే తల మీదుగా గిరగిరా తిప్పాలి. మధ్యలో కూర్చున్నవాళ్లకి ఆ వెలుగు ముందుకి పోతూ పోతూ మధ్యమధ్యలో వెనక్కి వస్తున్నట్టు కనిపిస్తుంది, వెనక్కి వచ్చేటప్పుడే దగ్గరగా కూడా ఉంటుంది. కుజుడు వక్రించినప్పుడే బాగా ప్రకాశంగా ఉంటాడు, టాలమీ చక్రాలు దానికీ సరిపోతాయి. సుమారు 1,400 ఏళ్లు ఆ నమూనా నిలబడిందంటే ఊరికే నిలబడలేదు. మా వాడు "ఇది భలే ఉంది మావయ్యా" అన్నప్పుడు ఇక కోపర్నికస్ దగ్గరికి వెళ్లొచ్చనిపించింది.

మర్నాడు సాయంత్రం మళ్లీ బీచ్. అల తగలని పొడి ఇసుకలో కాలితో రెండు వలయాలు గీయండి, నాలుగు అంగల దూరంలో ఒకటి, ఆరు అంగల దూరంలో ఒకటి, మధ్యలో చెప్పుల జత సూర్యుడు. లోపలి వలయంలో భూమి అయినవాడు రెండు చుట్లు తిరిగేలోపు బయట కుజుడు ఒక చుట్టు తిరగాలి (అసలు లెక్క 365 రోజులు, 687 రోజులు). భూమి పిల్లాడు కుజుణ్ణి చూస్తూనే ఉండాలి, కుజుడి వెనక దూరంగా ఏం కనిపిస్తోందో పైకి చెబుతుండాలి. పోర్టులోకి రావడానికి సముద్రంలో లంగరేసి ఆగిన ఓడలు వరసగా కనిపిస్తాయి, అవే మన నక్షత్రాలు. కుజుణ్ణి సముద్రం వైపున దాటేలా బయల్దేరండి. దాటే క్షణంలో ఆ ఓడల ముందు కుజుడు వెనక్కి జరుగుతాడు! బీచ్ రోడ్డులో మన బస్సు ఆటోని దాటినప్పుడు ఆటో వెనక్కి పోతున్నట్టు కనిపించేది ఇదే. 1543లో కోపర్నికస్ పుస్తకం చెప్పింది ఇంతే: వక్రగతి కుజుడు చేసే పని కాదు, మనం దాటిపోవడం వల్ల కనిపించేది. అంతకు పద్దెనిమిది వందల ఏళ్ల ముందే అరిస్టార్కస్ అనే గ్రీకు ఖగోళవేత్త సూర్యుణ్ణి మధ్యలో పెట్టాడు గానీ ఆ మాట నిలబడలేదు.

భూమి కదిలితే మనకి తెలియదా అని పిల్లాడు అడిగితే, అది మంచి ప్రశ్న, తేలిగ్గా తీసేయకండి. విశాఖ భూమితో పాటు గంటకి దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి తిరుగుతోంది. విజయనగరం వెళ్లే రైల్లో కూర్చుని బంతి పైకి విసిరితే చేతిలోనే పడుతుంది, పెట్టె వేగం బంతికీ ఉంది కాబట్టి. 499లో ఆర్యభటుడు ఇంకా అందంగా చెప్పాడు: ముందుకి పోయే పడవలో ఉన్నవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు కనిపించినట్టే, కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయని. ఫిషింగ్ హార్బర్ నుంచి పడవ బయల్దేరేటప్పుడు ఒడ్డుని చూసిన ఎవరికైనా అది తెలుస్తుంది. ఆర్యభటుడు భూమిని తిప్పాడు గానీ గ్రహాల్ని భూమి చుట్టూనే ఉంచాడు, ఈ తేడా పిల్లలకి స్పష్టంగా చెప్పాలి, అన్నీ మనవాళ్లే ముందు చెప్పేశారని కలిపేస్తే ఆయనకే అన్యాయం.

శుక్రుడి కళలు కరెంటు పోయిన రాత్రి చేయండి. టేబుల్ మధ్యలో కొవ్వొత్తి, పిల్లాడు ఒక చివర, మీరు తెల్ల బంతిని కొవ్వొత్తి చుట్టూ తిప్పాలి. బంతి మంటకి అవతల ఉంటే చిన్నగా, దాదాపు నిండుగా, ఇవతలకి వస్తే పెద్దగా నెలవంకలా కనిపిస్తుంది. టాలమీ నమూనాలో శుక్రుడు ఎప్పుడూ మనకీ సూర్యుడికీ మధ్యే ఉండాలి, అలా అయితే నిండు శుక్రుడు కనిపించకూడదు. 1610లో గెలీలియో టెలిస్కోపులో కళలన్నీ కనిపించాయి. ఇక్కడ నిజాయితీగా ఇంకొక మాట: దీంతో టాలమీ ఓడిపోయాడు గానీ కోపర్నికస్ గెలిచినట్టు కాదు. గ్రహాలన్నీ సూర్యుడి చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతారన్న డెన్మార్క్ ఖగోళవేత్త టైకో బ్రాహీ నమూనాకి కూడా ఆ కళలు సరిపోతాయి, ఇంచుమించు అలాంటిదే కేరళలో నీలకంఠ సోమయాజి కూడా చెప్పాడు.

మన ఊరి సంగతి కూడా చెప్పండి. 1840లో గోడే వెంకట జగ్గారావు డాబా గార్డెన్స్‌లో సొంతంగా వేధశాల (టెలిస్కోపుతో ఆకాశాన్ని గమనించే చోటు) కట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా దాటడాన్ని అక్కడి నుంచే గమనించారు. రోజూ బస్సు దిగే చోట ఇది జరిగిందని తెలిసి మా వాడు చాలాసేపు మాట్లాడలేదు.

టైకో కొలతలతో పనిచేసిన ఖగోళవేత్త కెప్లర్ గురించి క్లుప్తంగా చాలు. రెండు మేకులు, దారం, పెన్సిలుతో దీర్ఘవృత్తం గీయించి, టైకో కొలతలకీ వృత్తాల లెక్కకీ కుజుడి దగ్గర 8 నిమిషాల కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) తేడా వచ్చిందని, అంటే పున్నమి చంద్రుడి వెడల్పులో నాలుగో వంతు అని, ఆ కాస్త తేడాని వదిలేయలేక ఆయన 1609లో వృత్తాన్నే వదిలేసి గ్రహాల దారి దీర్ఘవృత్తం అన్నాడని చెప్పండి.

అన్నీ కలిసే లెక్క

ఇంతవరకు ఎవరూ చెప్పనిది, గ్రహాల్ని పట్టి ఉంచేది ఏది అని. కాగితం, పెన్ను పిల్లాడికివ్వండి, మీరు చేతులు కట్టుకుని కూర్చోండి.

ఇక్కడ వదిలిన రాయి మొదటి సెకనులో గురుత్వ త్వరణంలో సగం దూరం పడుతుంది. మీ లోలకం ఇచ్చిన 9.77లో సగం 4.885 మీటర్లు. చంద్రుడు భూమి కేంద్రం నుంచి మనకంటే 60 రెట్లు దూరంలో ఉన్నాడు. దూరం వర్గాన్ని బట్టి లాగుడు తగ్గుతుందని న్యూటన్ అన్నది నిజమైతే, అక్కడ 60 ఇంటూ 60, అంటే 3,600 రెట్లు తగ్గాలి. 4.885ని 3,600తో భాగిస్తే సుమారు 1.36 మిల్లీమీటర్లు. చంద్రుడు సెకనుకి అంత పడాలి.

పడుతున్నాడా? ఇప్పుడు లోలకాన్ని పక్కన పెట్టి, ఆకాశం నుంచి మొదలుపెట్టండి. చంద్రుడు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉంటూ 27.3 రోజుల్లో చుట్టు తిరుగుతాడు, అంటే సెకనుకి 1.02 కిలోమీటర్లు పక్కకి వెళ్తాడు. తిన్నగా పోకుండా వలయంలోనే ఉండాలంటే ఆ సెకనులో ఎంత లోపలికి వంగాలి? వేగం వర్గాన్ని దూరానికి రెట్టింపుతో భాగించాలి: 1.04ని 7,68,000తో. 0.00000135 కిలోమీటర్లు, అంటే 1.35 మిల్లీమీటర్లు వస్తుంది.

"మరి పడుతూనే ఉంటే మన మీద పడడేం మావయ్యా?" అన్నాడు. సెకనుకి మిల్లీమీటరున్నర కూడా పడడు, అదే సెకనులో కిలోమీటరు పక్కకి జరిగిపోతాడు, ఆ పడటం వల్ల వాడి దారి భూమి చుట్టూ వంగుతూ ఉంటుందే తప్ప భూమిని తాకదు అని కాగితం మీద గీసి చూపించాను. మా వాడు రెండు అంకెల కిందా గీత గీసి, ఒకదాని పక్కన "నట్టు" అని, ఇంకోదాని పక్కన "చంద్రుడు" అని రాసుకున్నాడు. ఆ లోలకం ఇంకా వాళ్ల హాల్లోనే వేలాడుతోంది, మా అక్క తీసేద్దామంటే తీయనివ్వట్లేదు.